గాలి అందరిదీ.. మరి వైరు ఎవరిది? డాబా మీద డిష్ నుంచి హాల్లో టీవీ దాకా

ఇవాళ మీకు ఒక వైరు కథ చెప్తాను. వైరుకి కథేంటి అనుకోకండి, చివరిదాకా వినండి.

2007. అప్పుడు మేం పూణేలో ఉండేవాళ్ళం. నాలుగంతస్తుల పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తులో అద్దెకి. ఆ ఏడాదే తాతయ్య పోయారు. ఊళ్ళో ఒక్కతే ఏం ఉంటుందిలే అని నాన్న వెళ్ళి నాయనమ్మని తీసుకొచ్చేశారు. ఆవిడది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. హిందీ రాదు, మరాఠీ రాదు. పొద్దున్నే అమ్మానాన్నలు ఆఫీసుకి, మేం స్కూలుకి. సాయంత్రం దాకా ఆవిడతో మాట్లాడే మనిషి లేడు. టీవీ పెడితే మా కేబుల్లో ఒక్క తెలుగు ఛానల్ రాదు. కేబుల్ ఆయన్ని అడిగితే, ఈ లైన్లో తెలుగువాళ్ళు మూడిళ్ళే, మూడిళ్ళ కోసం ఒక ఛానల్ ఎలా ఇస్తానండీ అన్నాడు. ఆయన లెక్క ఆయనది.

ఒకరోజు నేను స్కూలు నుంచి రాగానే నాయనమ్మ అంది, "ఒరేయ్, ఇక్కడికొచ్చాక నాకు చెవుడొచ్చినట్టుందిరా. అందరూ మాట్లాడతానే ఉంటారు, నాకొక్క ముక్క వినపడదు."

ఆ వారమే నాన్న డీటీహెచ్ కనెక్షన్ కొన్నారు. టెక్నీషియన్ వచ్చి డాబా మీద డిష్ బిగించాడు. అరగంట పని. తర్వాత మొదలైంది అసలు తంటా. వైరు ఎటునుంచి దింపాలి? ముందు గోడ మీద నుంచి వద్దంది సొసైటీ, కొత్తగా రంగులు వేయించారట. ఇల్లుగలాయన గోడకి కన్నం పెట్టొద్దన్నారు. వెనక డక్ట్ నిండా నీళ్ళ పైపులు. డాబా నుంచి హాల్లోకి గోడలో ఉన్నది ఒకే ఒక్క పైపు, అందులో ఏదో పాత వైరు. డిష్ పైన, టీవీ కింద, సెట్‌టాప్ బాక్స్ అట్టపెట్టెలో. అలా మూడు వారాలు.

ఒక్కసారి ఆలోచించండి. ఉపగ్రహం నుంచి మా డాబా దాకా సుమారు 36 వేల కిలోమీటర్లు. డాబా నుంచి మా టీవీకి 30 మీటర్లు కూడా లేదు. ఆ 36 వేల కిలోమీటర్లు ఒక ఎత్తు, ఈ 30 మీటర్లు ఒక ఎత్తు! శాటిలైట్ టీవీ చరిత్ర అనగానే మనకి రాకెట్లు గుర్తొస్తాయి. నన్నడిగితే అది ఈ చివరి 30 మీటర్లు ఎవరి చేతిలో ఉన్నాయన్న చరిత్ర. ఆ వైరు ఎవరిదైతే, మీరు ఏం చూడాలో చెప్పేదీ వాళ్ళే.

ఊరికో డిష్

మొదటి నుంచీ వద్దాం. 1945 అక్టోబరులో ఆర్థర్ సి. క్లార్క్ అనే బ్రిటిష్ రచయిత వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఒక ఉపగ్రహాన్ని పెడితే, అది భూమితో పాటే తిరుగుతూ మనకి ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తుంది. అలాంటివి మూడు పెడితే ప్రపంచమంతా ప్రసారం చేయొచ్చు అన్నాడు. అప్పటికి ఎవరూ ఒక్క ఉపగ్రహాన్ని కూడా ప్రయోగించలేదు!

సరిగ్గా 30 ఏళ్ళ తర్వాత ఆ ఆలోచన మన పల్లెటూళ్ళకొచ్చింది. విక్రమ్ సారాభాయ్ పట్టుదలతో 1969లో నాసాతో ఒప్పందం కుదిరింది. ఆయన 1971లోనే పోయారు, ఆ ఫలితం చూడలేదు. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, 1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలుపెట్టారు. దాని పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రసారం నాలుగు భాషల్లో: హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ. అంటే ఆకాశం నుంచి నేరుగా ఊళ్ళోకి దిగిన మొదటి భాషల్లో మన తెలుగు ఒకటన్నమాట.

ఆ డిష్ ఎలా ఉండేదో తెలుసా? కోళ్ళగూటికి కట్టే వల ఉంటుంది చూడండి, ఆ ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు. టీవీ సెట్లు తయారైంది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీతో నడిపారు. రోజుకి నాలుగు గంటలు, పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, ఇంకా వినోదం. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేది. డిష్ పక్కనే టీవీ కాబట్టి వైరు గొడవే లేదు. కానీ ఏం చూపించాలో ప్రభుత్వం ఇష్టం.

ఇంకో ముచ్చట. అప్పటికి శ్రీలంకలో టీవీ ప్రసారాలే లేవు. కానీ ఈ ఆలోచన చెప్పిన క్లార్క్ ఉండేది కొలంబోలో! మన ఇస్రో ఇంజనీర్లు వెళ్ళి ఆయన ఇంటి దగ్గర ఒక పెద్ద డిష్ పెట్టి వచ్చారు. తను కాగితం మీద రాసింది తన ఇంట్లోనే చూసుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

1976 జులై 31తో గడువు అయిపోయింది. ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. చాలా ఊళ్ళలో తెర చీకటైపోయింది.

చేపముల్లు నుంచి కేబుల్ దాకా

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళింది. 1984లో కొన్ని నెలల పాటు దేశంలో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అంటే ఉపగ్రహం నుంచి ట్రాన్స్‌మిటర్‌కి, అక్కడి నుంచి మీ డాబా మీద చేపముల్లులాంటి యాంటెనాకి. దాని నుంచి చదునుగా రిబ్బన్‌లా ఉండే వైరు కిందికి దిగేది. మీ అమ్మానాన్నల్ని అడగండి. ఒకరు డాబా మీద యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అంటే, కింద నుంచి ఇంకొకరు "పోయింది, వెనక్కి తిప్పు!" అని అరిచేవాళ్ళు.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. అప్పుడప్పుడే నగరాల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. బిల్డర్లు గోడలో పైపులు ఎన్ని వేశారు? పైనుంచి యాంటెనా వైరుకి ఒకటి, కింద నుంచి ఫోనుకి ఒకటి. అంతకంటే ఇంకేం కావాలి అనుకున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం, ఉన్నది ఒకే ఛానల్, ఒకే ఫోను. కానీ సిమెంటులో పాతేసిన ఆ లెక్కే తర్వాత 30 ఏళ్ళు అందర్నీ ఏడిపించింది.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం. పెద్ద హోటళ్ళలో సీఎన్ఎన్‌లో యుద్ధం లైవ్‌లో వస్తోందని జనం నోరెళ్ళబెట్టారు. అదే ఏడాది ఏషియాశాట్-1 ఉపగ్రహం నుంచి స్టార్ టీవీ మొదలైంది. ఈ ఉపగ్రహం కథ కూడా భలే ఉంటుంది. అది మొదట వెస్టార్-6. 1984లో కక్ష్య తప్పితే, అమెరికా స్పేస్ షటిల్ వాళ్ళు వెళ్ళి పట్టుకుని భూమికి తెచ్చారు. బాగుచేసి, పేరు మార్చి, 1990లో చైనా రాకెట్ మీద మళ్ళీ పంపారు. ఒకరకంగా సెకండ్ హ్యాండ్ ఉపగ్రహంతో మన కేబుల్ యుగం మొదలైందన్నమాట!

ఆ సిగ్నల్ సీ-బ్యాండ్‌ది. దాన్ని పట్టాలంటే చాలా పెద్ద డిష్ కావాలి, ఒక ఇంటికి తలకు మించిన ఖర్చు. అందుకని కాలనీలో ఒక కుర్రాడు డిష్ కొని, డాబా నుంచి డాబాకి, చెట్ల మీద నుంచి, కరెంటు స్తంభాల మీద నుంచి వైరు లాగి ఇంటింటికీ ఇచ్చాడు. అలా పుట్టాడు మన కేబుల్ ఆపరేటర్. 1992 అక్టోబరులో జీ టీవీ, 1995లో జెమిని, ఈటీవీ. తెలుగు ఛానళ్ళు ఇంట్లోకి వచ్చింది ఈ కుర్రాళ్ళ చేతుల మీదుగానే. ఆ గౌరవం వాళ్ళకి ఇవ్వాలి.

కానీ మీ ఇంటికొచ్చేది ఒకే వైరు. అందులో ఏ ఛానల్ వేయాలి, దేన్ని తీసేయాలి అన్నది ఆపరేటర్ ఇష్టం. 1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చింది. ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాలి, దూరదర్శన్ ఛానళ్ళు తప్పకుండా ఇవ్వాలి అంది. మరి పూణేలో ఉన్న ముగ్గురు తెలుగువాళ్ళకి తెలుగు ఛానల్ ఇవ్వాలని? అది అందులో లేదు.

గాలి ప్రజలదే అన్న తీర్పు

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. గొడవ 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల గురించి. మ్యాచ్‌లు ఎవరు ప్రసారం చేయాలి అన్న తగువు కాస్తా, అసలు గాలిలో తరంగాలు ఎవరివి అన్న ప్రశ్న దాకా వెళ్ళింది. ఆ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని గుత్తసొత్తు కాదు అంది కోర్టు. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగాయనే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

బాగుంది కదా? గాలి అందరిదీ. కానీ రెండేళ్ళకే ఇంకో మలుపు. అప్పటికి కేయూ-బ్యాండ్ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ ఎక్కువ కాబట్టి 60 సెంటీమీటర్ల చిన్న డిష్ చాలు, ఎవరి ఇంటికి వాళ్ళు పెట్టుకోవచ్చు. అదే డీటీహెచ్. ఒక విదేశీ సంస్థ దాన్ని మొదలుపెట్టబోతుంటే, 1997 జులైలో ప్రభుత్వం నిషేధించింది! 2000 నవంబరులో మళ్ళీ ఒప్పుకుంది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వాళ్ళ ఉచిత డీడీ డైరెక్ట్ ప్లస్, అదే ఇప్పటి ఫ్రీ డిష్. 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్. ఆపరేటర్‌తో పనిలేదు, ఆకాశం నుంచి నేరుగా మీ ఇంటికే అన్నారు.

నేరుగా అన్నారు కానీ.. మధ్యలో అపార్ట్‌మెంట్ ఉంది!

మన బాల్కనీలో డిష్ ఎందుకు పనిచేయదు?

జర్మనీ ఫోటోలు ఎప్పుడైనా చూస్తే గమనించండి, పాత అపార్ట్‌మెంట్లలో బాల్కనీకో డిష్ వేలాడుతుంటుంది. మన దగ్గర అన్నీ డాబా మీదే. ఎందుకు? ఉపగ్రహాలు ఉండేది భూమధ్యరేఖ పైన. జర్మనీ దానికి చాలా దూరం, అందుకని ఉపగ్రహం ఆకాశంలో కిందికి, దాదాపు 25 నుంచి 35 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. బాల్కనీలోంచి ఏటవాలుగా కనిపిస్తుంది. మనం భూమధ్యరేఖకి దగ్గర. హైదరాబాద్ నుంచి చూస్తే 83 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం దాదాపు 69 డిగ్రీల ఎత్తులో, అంటే ఇంచుమించు నెత్తిమీద ఉంటుంది. మీ బాల్కనీకి పైన ఇంకో ఫ్లాట్ బాల్కనీ ఉంటే, ఆ శ్లాబే అడ్డం. పైగా బాల్కనీ ఉత్తరం వైపు ఉందా, ఇక అయిపోయినట్టే, మనకి ఉపగ్రహం ఉండేది దక్షిణం వైపు.

అందుకే మనకి డాబా తప్ప దిక్కులేదు. డాబా అంటే ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి అంటే మీటింగు. మీటింగు అంటే గొడవ!

ఈ గొడవ మనదొక్కటే కాదు. 1994 ఫిబ్రవరి 9న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. మన సుప్రీంకోర్టు తీర్పుకి సరిగ్గా ఏడాది ముందు. అద్దెకుంటున్న ఒక టర్కీ దేశస్థుడు డిష్ పెట్టుకుంటానన్నాడు, ఇల్లుగలవాళ్ళు కుదరదన్నారు. కోర్టు ఏమందంటే: సొంత దేశం వార్తలు, సొంత భాష వినాలనుకోవడం కూడా సమాచార హక్కులో భాగమే. ఇల్లుగలవాళ్ళ హక్కుతో పాటు దాన్నీ తూకంలో వేయాలి, ఊరికే తోసేయకూడదు.

అమెరికాలో 1996లో నియమం వచ్చింది, మీటరు లోపు డిష్ పెట్టుకుంటే అడ్డుకోకూడదని. 1999 జనవరి నుంచి అద్దెకున్నవాళ్ళకి కూడా వర్తించింది. తమ వాడకంలో ఉన్న బాల్కనీలో పెట్టుకోవచ్చు, అందరిదీ అయిన డాబా మీద మాత్రం ఆ హక్కు లేదు. అక్కడి అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్ళు బాల్కనీలో స్టాండుకి డిష్ బిగించుకుని తెలుగు ఛానళ్ళు చూశారంటే, వెనక ఈ నియమం ఉంది.

మన దగ్గర? ఎక్కువగా సెక్రటరీ గారి మూడ్ మీద ఆధారపడింది!

ఒక్క వైరులో ఇద్దరు ఎందుకు ఇమడరు?

సరే, ఉన్నది ఒక్క పైపు, ఒక్క వైరు. అందరూ దాన్నే పంచుకోవచ్చు కదా అంటారా? ఇక్కడే ఉంది చిక్కు.

డిష్ ముందు చిన్న కొమ్ములా ఉండేదాన్ని ఎల్ఎన్‌బీ అంటారు. కేయూ-బ్యాండ్ సిగ్నల్ 10 నుంచి 12 గిగాహెర్ట్జ్. అది మామూలు వైరులో కొన్ని మీటర్లకే చచ్చిపోతుంది. అందుకని ఎల్ఎన్‌బీ దాన్ని అక్కడే బలపరిచి, 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌కి దించి కిందికి పంపుతుంది. అయినా 30 మీటర్ల ఆర్‌జీ-6 వైరు దిగేసరికి నాలుగో వంతో, పై ఫ్రీక్వెన్సీల్లో పదో వంతో మిగులుతుంది. సన్న రకం వైరు వేసి, మధ్యలో రెండు అతుకులు పెడితే, వాన మబ్బు పట్టగానే బొమ్మ ముక్కలైపోయేది అందుకే.

ఇంకోటి. స్థలం ఆదా చేయడానికి ఉపగ్రహం ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు రకాల తరంగాలు పంపగలదు, ఒకటి నిలువుగా ఊగేది, ఒకటి అడ్డంగా ఊగేది. మామూలు ఎల్ఎన్‌బీ ఒక వైరులో ఒక్కసారికి ఒక్కటే ఇస్తుంది. ఏది కావాలో సెట్‌టాప్ బాక్స్ అడగాలి. ఎలా అడుగుతుంది? అదే వైరులో పైకి 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం! ఒకే వైరుకి రెండిళ్ళు తగిలిస్తే, ఒక ఇల్లు 13 అంటుంది, ఇంకో ఇల్లు 18 అంటుంది. ఒకే స్టీరింగ్ ఇద్దరు పట్టుకున్నట్టు. ఒకళ్ళ సీరియల్ వస్తే ఇంకొకళ్ళ మ్యాచ్ పోతుంది.

దీనికి మొదట కనిపెట్టిన మార్గం మల్టీస్విచ్. డాబా మీద ఒక పెట్టె, దాన్నుంచి ఫ్లాటుకో వైరు. పైపులు ఉన్న కొత్త భవనాలకి ఇది హాయి. పైపులే లేని పాతవాటికి? యూరప్‌లో ఇదే తలనొప్పి భరించలేక 2007లో ఒక ప్రమాణం తెచ్చారు, యూనికేబుల్ అంటారు. ఒకే వైరులో ఒక్కో బాక్సుకీ ఒక్కో ఫ్రీక్వెన్సీ గది కేటాయిస్తారు. ఎవరి గదిలో వాళ్ళు, గొడవ లేదు. మొదట ఒక వైరులో ఎనిమిది బాక్సులు, తర్వాతి ప్రమాణంలో 32. కొత్త వైరు వేయలేని గోడల కోసమే పుట్టిన టెక్నాలజీ అది.

తమాషా చూడండి. 1975లో ఊరికో డిష్. 1991లో కాలనీకో డిష్. 2006లో ఇంటికో డిష్. ఇప్పుడు మళ్ళీ అపార్ట్‌మెంటుకో డిష్!

మరి మీకెందుకు ఈ కథ?

మీరు ఫోన్లో చూస్తున్నారు, మాకు డిష్ ఎందుకు అంటారేమో. ఆ ఫోనుకి వైఫై ఎక్కడి నుంచి వస్తోంది? తలుపు పైన కన్నంలోంచి వచ్చిన ఒక సన్నటి ఫైబర్ వైరు. మీ అపార్ట్‌మెంట్లో ఎన్ని కంపెనీల ఫైబర్ దొరుకుతుంది? చాలా చోట్ల ఒక్కటే. వేరే కంపెనీ వాళ్ళని లోపలికి రానివ్వరు, లేదా పైపులో చోటు లేదంటారు. కంపెనీ మారింది, వైరు మారింది, చివరి 30 మీటర్ల కథ మాత్రం మారలేదు. 2024లో ట్రాయ్ భవనాలకి డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చేలా నిబంధనలు తెచ్చిందంటే, విషయం అర్థమైందనే. కాబట్టి రేపు మీరు అద్దెకో, కొనడానికో ఫ్లాట్ చూస్తే, నీళ్ళు వస్తాయా, పార్కింగ్ ఉందా అని అడిగినట్టే ఇంకోటి అడగండి. డాబా నుంచి హాల్లోకి ఖాళీ పైపు ఉందా? లోపల లాగుడు తాడు ఉందా? ఎవరి కంపెనీనైనా రానిస్తారా?

మా నాయనమ్మ సంగతి చెప్పాలి కదా. మూడు వారాల తర్వాత ఆ టెక్నీషియన్ మళ్ళీ వచ్చాడు. గోడలో ఉన్న ఒక్క పైపులో పాత వైరు ఏంటో చూద్దామన్నాడు. డాబా మీద మూత తీసి చూస్తే, ఎప్పుడో తీసేసిన దూరదర్శన్ యాంటెనా తాలూకు రిబ్బన్ వైరు! ఎవరూ వాడనిది. దాని కొసకి కొత్త వైరు గట్టిగా కట్టి, టేపు చుట్టి, నన్ను పైన నిలబెట్టి మెల్లగా వదులుతూ ఉండమన్నాడు. తను కింద హాల్లోంచి లాగాడు. పాతది బయటికొస్తుంటే వెనకే కొత్తది లోపలికి దిగింది. గోడకి ఒక్క కన్నం పెట్టలేదు, సొసైటీకి చెప్పాల్సిన పనీ పడలేదు.

నేను కిందికి వచ్చేసరికి టీవీలో తెలుగు వార్తలు. గుంటూరు యార్డులో మిర్చి ధర చెప్తున్నారు. నాయనమ్మకి ఆ ధరతో ఏం పని? పొలం కౌలుకిచ్చేసి వచ్చింది. అయినా సౌండ్ పెంచమంది. వింటూ వింటూ నా వైపు తిరిగి, "ఈ ఏడు పర్లేదురా, రైతులకి గిట్టుద్ది" అంది. పూణే వచ్చాక ఆవిడ ఊరి సంగతి తనంతట తను మాట్లాడటం అదే మొదటిసారి.

గాలిలో ఆ మాట అప్పటికే ఉంది. మా ఇంటి మీద నుంచే పోతోంది. ఆవిడ దాకా రావడానికి మాత్రం ఒక పైపు, ఒక వైరు, కాస్త బుర్ర పెట్టిన ఒక మనిషి కావాల్సి వచ్చింది.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ఇంటికెళ్ళాక మీ గోడలో ఆ పైపు ఎక్కడుందో ఒకసారి వెతకండి.